కుడి గేరు బుల్లెట్ అమ్మబడును

‘డాక్టరు గారు వాడిన బండి. సింగిల్ హ్యాండ్. షోరూమ్ కండిషన్. ఇంజిన్ ఇంతవరకూ విప్పలేదు. టైంపాస్ గాళ్లు ఫోన్ చేయొద్దు.’

పాత మోటార్‌సైకిళ్ల అమ్మకం ప్రకటనలు నాలుగు చదివితే చాలు, అయిదోది మనమే రాసేయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల డాక్టర్లంతా తలా పది బుల్లెట్లు వాడి వదిలేస్తే తప్ప ఇన్ని ‘డాక్టరు గారి బండ్లు’ బజార్లోకి రావు. దాన్ని నవ్వి ఊరుకోవచ్చు. ఇంజిన్ విప్పలేదన్న మాట మాత్రం నవ్వి ఊరుకునేది కాదు. యాభై ఏళ్ల కిందటి బుల్లెట్ ఇంజిన్ మీద ఇప్పటిదాకా ఎవరి చెయ్యీ పడలేదంటే సంతోషించడం మాని భయపడాలి. పిస్టన్ రింగులు, వాల్వులు, బిగ్ ఎండ్ బేరింగు అరగక మానవు. అరిగిన వేళకి విప్పి, మార్చి, మళ్లీ బిగించుకుంటూ వచ్చిన బండే ఇవాళ శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంది. విప్పనిది మొదటి మలుపులోనే చతికిలబడుతుంది.

ఇలాంటి ప్రకటనల మధ్య నిజంగా బాగా చూసుకున్న బండి అమ్మాలనుకునే మనిషి తికమక పడతాడు. తన బండి గురించి ఉన్న మాట చెబుదామంటే ఆ మాటలన్నీ అప్పటికే అలాంటి బండి లేనివాళ్లు వాడేసి ఉంటారు. అలాంటి అమ్మకందారుల గురించే ఈ కథనం. వాళ్ల బండ్లు కార్తీకమాసంలో శ్రీశైలం, ఎండాకాలంలో అరకు, ఓపికున్న రోజుల్లో ఇంకా పైకి వెళ్లొచ్చినవి. ఇప్పుడు ఫ్లాట్లలో పార్కింగ్ లేకో, పిల్లలు విదేశాల్లో స్థిరపడో, మోకాళ్లు అరిగి కిక్కు కొట్టలేకో అమ్మకానికి వస్తున్నాయి.

మెరిసేది ఒకటి, తిరిగేది ఒకటి

పాత బండ్ల బజార్లో రెండు రకాల సరుకు దొరుకుతుంది. మొదటిది రీస్టోర్ చేసిన బండి. ట్యాంకు మీద అద్దంలాంటి పెయింటు, పైన బంగారు గీతలు, కొత్త క్రోమ్, కొత్త సీటు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఈ పని దశాబ్దాలుగా ఒక పరిశ్రమలా సాగుతోంది. హిమాలయాలకి వెళ్లే విదేశీయులు అక్కడ బుల్లెట్ కొని, తిరిగి, వెళ్లేముందు అక్కడే అమ్మేసి పోయేవారు. దేశ రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు వచ్చాక ఢిల్లీ బండ్లు దక్షిణాదికి దిగడం ఎక్కువైంది. వాటిలో మంచివీ ఉంటాయి. కాకపోతే పెయింటు కింద ఏముందో పెయింటు వేసినవాడికే తెలియాలి.

రెండోది ఎన్నడూ ఆగకుండా నడుస్తూ వచ్చిన బండి. ట్యాంకు మీద మోకాళ్లు ఆనేచోట రంగు వెలిసి ఉంటుంది. కిక్ రాడ్ రబ్బరు ఒకవైపే అరిగి ఉంటుంది. ఫోటోలో ఇది మొదటిదాని ముందు తేలిపోతుంది. రోడ్డెక్కాక మొదటిది దీని ముందు తేలిపోతుంది.

దూరాలు తిరిగిన బండిని అమ్మేవాడు ఆ తిరుగుడు దాచాలని చూస్తాడు. అదే పొరపాటు. దాన్నే ముందు పెట్టి అమ్మాలి. ‘తక్కువ తిరిగింది’ అనే మాటకి పాత బుల్లెట్ విషయంలో పెద్దగా అర్థం లేదు. మీటరులో ఉండేవి అయిదంకెలు, లక్షకి చేరగానే మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది. పైగా మీటరు కేబుల్ తెగితే మారుద్దాంలే అంటూ ఏళ్లు గడిపేవాళ్లే ఎక్కువ. నిజానికి నిలబెట్టిన బండికే రోగాలు ఎక్కువ. ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురవుతుంది. ఆయిల్ సీళ్లు గట్టిపడి చిట్లుతాయి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. హాల్లో షోకేసులా పెట్టుకున్న బండి కన్నా వారం వారం ఊరు దాటిన బండే కొన్నవాడిని ఇంటికి చేరుస్తుంది.

తిరువొత్తియూరు సంతానం

మన దగ్గర దూరప్రయాణాల కోసమని విడిగా మోటార్‌సైకిళ్లు ఉండేవి కావు. పొద్దున పాల క్యాన్లు మోసిన బండే దసరా సెలవుల్లో తిరుపతి వెళ్లేది. ఆ పని ఎక్కువగా బుల్లెట్ మీద పడటానికి కారణం దాని ఇంజిన్ కొలతల్లోనే ఉంది. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు, వెరసి 346 సీసీ. పిస్టన్ ఇంత దూరం కదిలే ఇంజిన్ ఆదరాబాదరా తిరగదు, నెమ్మదిగా తిరుగుతూనే బలంగా లాగుతుంది. శక్తి 18 హార్స్‌పవర్ ప్రాంతంలోనే. ఇవాళ్టి 150 సీసీ కుర్రబండ్లు ఆ అంకెని ఎప్పుడో అందుకున్నాయి. అయినా ఇద్దరు మనుషులు, రెండు సంచులు, పెళ్లికి తీసుకెళ్లే ఇత్తడి బిందె ఎక్కించి యాభై అరవై వేగంతో పొద్దుగూకేదాకా నడపమంటే పాత బుల్లెట్టే నడుస్తుంది.

బుల్లెట్ అనే పేరు 1932లో ఇంగ్లండ్‌లో పుట్టింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ రెడ్డిచ్ అనే ఊళ్లో ఉండేది. స్వతంత్రం వచ్చాక సరిహద్దు గస్తీకి గట్టి బండి కావలసి వచ్చి మన సైన్యం 350 సీసీ బుల్లెట్‌ని ఎంచుకుంది. మద్రాస్ మోటార్స్ వాళ్లు రెడ్డిచ్ కంపెనీతో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట్లో ఓడలో వచ్చిన భాగాలు బిగించడమే పని. తర్వాత అచ్చులూ యంత్రాలూ కూడా ఇక్కడికే వచ్చాయి. 1970 వచ్చేసరికి ఇంగ్లండ్‌లో బండ్ల తయారీ ఆగిపోయింది. 1977లో మద్రాసులో తయారైన బుల్లెట్లు ఎదురు ఇంగ్లండ్‌కే ఎగుమతి కావడం మొదలైంది. కూతురి కాపురానికి తల్లి వచ్చి చేరినట్టు! 1994లో కంపెనీ ఐషర్ చేతికి వెళ్లింది. 2010 ప్రాంతంలో కాస్ట్ ఐరన్ ఇంజిన్ శకం ముగిసి, కొత్త అల్యూమినియం ఇంజిన్లు వచ్చాయి. ఇప్పుడు బజార్లో ‘పాత బుల్లెట్’ అంటే కాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు.

పోటీ లేదని కాదు. మైసూరు ఐడియల్ జావా వాళ్ల జావా, యెజ్డీ బండ్లకి వేరే భక్తబృందం ఉంది. కిక్ రాడ్‌నే ముందుకి తిప్పి గేరు రాడ్‌గా వాడుకునే ఆ ఏర్పాటు మొదటిసారి చూసినవాళ్లు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. ఎస్కార్ట్స్ 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350 రెండు సిలిండర్లతో, ఆరు గేర్లతో, ఆ రోజుల్లో రోడ్డు మీద మరే బండికీ లేని ఉరుకుతో వచ్చింది. పెట్రోలు తాగుడికి భయపడి జనం వద్దన్నారు. అప్పుడు వద్దన్న ఆ బండికే ఇప్పుడు కళ్లు తిరిగే ధర చెబుతున్నారు. ఇది అమ్మేవాళ్లకి ఆశ పుట్టించే కథ, కానీ అన్ని పాత బండ్లకీ వర్తించేది కాదు. రాజ్‌దూత్ 350లు తయారైనవే తక్కువ. బుల్లెట్లు ఊరికి పది.

మామయ్య గారి లెడ్జరు

మా మేనమామ గారిది రాజమండ్రి. అమ్మకానికి పెట్టిన వారి బండి 1972 మోడల్. కొబ్బరి వ్యాపారం చేసే మనిషి కాబట్టి దేనికైనా లెక్క రాయడం అలవాటు. బండికీ ఒక లెడ్జరు పెట్టారు. ఎడమ పేజీలో తేదీ, మీటరు రీడింగు, కుడి పేజీలో జరిగిన పని. ‘పాయింట్లు గీకించాను.’ ‘ఆయిలు మార్పు, ఫిల్టరు కొత్తది.’ ‘మారేడుమిల్లి ఘాట్‌లో క్లచ్ కేబుల్ తెగినది. డబ్బాలో ఉన్నది వేసుకున్నాను.’ ఒక చోట ‘పిస్టన్ ఓవర్‌సైజు, బోరు విజయవాడ ఆటోనగర్’ అని ఉంది. పక్కనే, ఎందుకు రాశారో తెలియదు, ‘ఇంట్లో చెప్పలేదు’ అని కూడా ఉంది.

ఆ పుస్తకం చూసిన మెకానిక్కులు బండి కన్నా ముందు దాన్ని తిరగేశారు. బోరు ఎప్పుడు చేయించారో తెలిస్తే ఇంకా ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది. సిలిండర్‌ని రీబోర్ చేయించిన ప్రతిసారీ గోడ కొంత పలచనవుతుంది, ఇన్నిసార్లకి మించి కుదరదు. ఆ తర్వాత కొత్త స్లీవ్ వేయించాల్సిందే. కొనేవాడికి కావలసింది ఇలాంటి సంగతి. ‘మంచి కండిషన్’ అనే రెండు ముక్కల్లో ఇది దొరకదు.

లెడ్జరు రాసే అలవాటు అందరికీ ఉండదు, సరే. ఆటోనగర్‌లో, హైదరాబాద్ పుత్లీబౌలిలో సామాను కొన్న బిల్లులు ఏ డబ్బాలోనో పడి ఉంటాయి. ఏళ్ల తరబడి చేయి వేసిన మెకానిక్ బతికి ఉంటే ఆయన్ని కొనేవాడికి పరిచయం చేయడం ఇంకా మేలు. తీసేసిన అసలు సామాను కూడా బయటికి తీయాలి. ఎప్పుడో మోజు పడి పెద్ద సైలెన్సర్, వెడల్పాటి హ్యాండిల్ వేయించుకుని అసలువి గోనెసంచిలో కట్టి అటక మీద పడేసినవాళ్లు కోకొల్లలు. ఆ గోనెసంచికి ఇవాళ విలువుంది. అసలు కార్బురేటర్, అసలు టూల్‌బాక్స్ మూతలు దొరక్క తిరిగేవాళ్లు ఆ సంచి కోసమైనా బండి కొంటారు.

లగేజీ క్యారియర్లు, సైడ్ బ్యాగుల ఫ్రేములు, పొగమంచు లైట్లు అలాగే ఉంచాలా, తీసేయాలా అని అడుగుతుంటారు. నా మటుకు నేను ఉంచమంటాను. తీసేస్తే మడ్‌గార్డ్ మీద చిల్లులు మిగులుతాయి, అవి క్యారియర్ కన్నా అసహ్యంగా ఉంటాయి.

చల్లటి ఇంజిన్ మీద చెయ్యి

కొనడానికి వచ్చినవాడు తెలిసినవాడైతే పలకరింపు అవుతుండగానే సిలిండర్ మీద అరచెయ్యి వేస్తాడు. వెచ్చగా తగిలితే అతని ముఖం మారుతుంది. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే చల్లగా ఉన్నప్పుడు ఏదో తిప్పలు పెడుతోందని అర్థం. కాబట్టి అమ్మేవాడు ఆ పొద్దున బండి జోలికి పోకూడదు.

స్టార్ట్ చేయడం ఎలాగో మామయ్య గారు చేసి చూపించారు. ముందు పెట్రోలు ట్యాప్ తిప్పారు. ఆమాల్ కార్బురేటర్ మీదున్న చిన్న పిన్నుని వేలికి పెట్రోలు చెమ్మ తగిలేదాకా నొక్కి పట్టారు. తాళం తిప్పగానే యాంప్ మీటరు ముల్లు ఒక పక్కకి వాలింది. కిక్ రాడ్‌ని కాలితో మెల్లగా, తొక్కకుండా, కిందికి జరుపుతూ పోయారు. ఒక చోట అది గట్టిగా ఎదురు నిలిచింది, ముల్లు మధ్యకి వచ్చింది. అంటే పాయింట్లు విడిపడ్డాయి, పిస్టన్ పైకొచ్చింది. అప్పుడు ఎడమచేతి కింద ఉన్న చిన్న డీకంప్రెషన్ లివర్ లాగి, పిస్టన్‌ని ఆ మెట్టు దాటించి, లివర్ వదిలి, కిక్ రాడ్‌ని మళ్లీ పైకి రానిచ్చి, ఒక్క తొక్కు. బండి అందుకుంది. ఇందులో కండబలం లేదు. ఈ వరస తెలియక ఊరికే తొక్కేవాళ్లనే బుల్లెట్ ఎదురుతన్ను తన్నేది.

స్టార్ట్ అయ్యాక మొదటి నిమిషంలో వచ్చే పొగ గురించి అమ్మేవాడే ముందుగా చెప్పడం మంచిది. కొన్నాళ్లు కదలకుండా ఉన్న బుల్లెట్‌లో ఆయిలు తన అరలోంచి మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే అది కాలి తెల్లగా, నీలంగా పొగ వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే రింగులో వాల్వ్ గైడ్లో అరిగినట్టు. ఇక ఆయిలు కారడం. బుల్లెట్ కింద ఆయిల్ చుక్క కనపడలేదంటే ఇంజిన్‌లో ఆయిలే లేదని మెకానిక్కుల పాత జోకు. జోకు సంగతి అలా ఉంచితే, మంచి గ్యాస్కెట్లు వేసి ఓర్పుగా బిగించిన ఇంజిన్ చెమర్చుతుందే గానీ కారదు.

చల్లారిన తర్వాత మామయ్య గారు ట్యాపెట్ మూత తీసి చూపించడం నాకు బాగా నచ్చింది. కొనడానికి వచ్చిన కుర్రాడి చేతికి స్పానర్ ఇచ్చి ఆయనే విప్పించారు. లోపల రెండు పుష్‌రాడ్లు. వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. పాత ఇంజిన్లలో ట్యాపెట్ సరిపోయిందో లేదో చూసే కొలత అదే. ఆ కుర్రాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి, చేతికంటిన ఆయిలు తుడుచుకోవడం మర్చిపోయి అడిగాడు.

“అంకుల్, లాస్ట్ ఎంతకిస్తారు?”

“ఫస్టే చెప్పలేదు గదయ్యా, అప్పుడే లాస్టా?” అన్నారు మామయ్య గారు. “ముందు తోలి చూడు. నచ్చితే కూచుని మాట్లాడుకుందాం.”

తోలి చూడటం దగ్గరే ప్రమాదం. ఎడమ గేరుకి అలవాటు పడ్డ కాళ్లకి కుడి గేరు బుల్లెట్ ఇస్తే, ఎదురుగా గేదె రాగానే కుడికాలు బ్రేకనుకుని గేరు తొక్కుతుంది. అందుకని మొదటి చుట్టు అమ్మేవాడు నడిపి, కొనేవాడు వెనక కూర్చోవాలి. రెండో చుట్టు ఖాళీ మైదానంలో అతని చేతికివ్వాలి. ఒక్కణ్నే పంపేటప్పుడు అతను వచ్చిన వాహనం తాళాలు, అసలు లైసెన్సు మన దగ్గర ఉండాలి. మొహమాటపడి బండి పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ధర అనే చిక్కు

అమ్మేవాళ్లు ధర కట్టే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. కొన్నది ఇంత, ఇంజిన్ పనికి ఇంత, టైర్లకి ఇంత, పెయింటుకి ఇంత, ఇన్నేళ్ల అనుబంధానికి ఇంత అని కూడి చెబుతారు. బజారు ఈ కూడిక ఒప్పుకోదు. ఇంజిన్ పనికి పెట్టిన ఖర్చు మళ్లీ డబ్బుగా తిరిగి రాదు, బండి అమ్ముడుపోయే అవకాశంగా మాత్రం తిరిగొస్తుంది. ధరని నిజంగా పెంచేది కాగితాల శుభ్రత. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీదున్న వాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. యాభై ఏళ్లలో ఇంజిన్ మార్చిన బండ్లు చాలా ఉన్నాయి. మార్చడం తప్పు కాదు, ఆర్సీలో ఎక్కించకపోవడమే తంటా. నంబరు చెక్కిన చోట గీకి మళ్లీ పంచింగ్ కొట్టినట్టు అనుమానం వస్తే తెలిసినవాడు మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోతాడు. సైన్యం వేలంలో అమ్మేసిన బండ్లు కొన్నవాళ్లైతే ఆ వేలం కాగితాలు కూడా భద్రంగా ఉంచుకోవాలి.

ఈమధ్య కొనేవాళ్లు అడిగే కొత్త ప్రశ్న పెట్రోలు గురించి. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత బండ్ల పెట్రోలు పైపులు, ట్యాప్ వాషర్లు, కార్బురేటర్ గ్యాస్కెట్లు ఇథనాల్‌ని ఎరిగి చేసినవి కావు. అది తేమని పీల్చుకుంటుంది కాబట్టి నిలబెట్టిన బండి ట్యాంకులో తుప్పుకి తోడవుతుంది. పైపులూ వాషర్లూ మార్చడం పెద్ద ఖర్చు కాదు. మార్చేసి ఆ ముక్క చెబితే ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

మామయ్య గారు ఇంకో పని చేశారు. బండిలో ఉన్న లోపాలు తానే ఒక కాగితం మీద రాసి, వచ్చిన ప్రతివాడి చేతికీ ఇచ్చారు. మీటరు ముల్లు వణుకుతుంది. ఎడమ ఫుట్‌రెస్ట్ ఒకసారి వంగితే సరిచేయించాను. ఆరు వోల్టుల హెడ్‌లైట్, రాత్రి ఘాట్ రోడ్డుకి చాలదు. సైడ్‌స్టాండ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. దీన్ని చూపించి ధర తగ్గించమన్నవాళ్లు కొందరు. కాగితం చదివి ఇక ఇంజిన్ గురించి గుచ్చి గుచ్చి అడగనివాళ్లు కొందరు. రెండో రకం వాళ్లతోనే బేరం ముందుకు నడిచింది.

రాకపోకల్లో రకరకాల వాళ్లు తగులుతారు. 2021లో మోహన భోగరాజు పాడిన బుల్లెట్ బండి పాట ఊరూరా మోగాక మోజు పెళ్లి పందిళ్ల దాకా పాకింది. ఆ మోజుతో వచ్చేవాళ్లకి నిజానికి కావలసింది బటన్ స్టార్ట్ ఉన్న కొత్త బండి. అరగంట మాట్లాడి అదే చెప్పి పంపించడం ఇద్దరికీ మేలు. ‘నేను ఆర్మీలో ఉన్నాను, చూడకుండానే కొంటాను, డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అనేవాడు ఇంకో రకం. వాడు సైనికుడూ కాదు, కొనేవాడూ కాదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మనం స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. బండి చూడకుండా యాభై ఏళ్ల బుల్లెట్ కొనేవాడు ఈ భూమ్మీద లేడని గుర్తుంచుకుంటే చాలు. ఇంకో మాట, రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు.

కాగితాల ఘాట్ రోడ్డు

డబ్బు చేతికి రాగానే బండి అమ్మేశామనుకుంటారు. చట్టం అలా అనుకోదు. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. బండి అమ్మేశాక, చేతులు మారాక జరిగిన ప్రమాదంలో కూడా పరిహారం బాధ్యత రిజిస్టర్‌లో పేరున్న పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం ఒప్పందం, సాక్షుల సంతకాలు అక్కడ అక్కరకు రావు. ‘మెల్లగా మార్పించుకుంటా లెండి అంకుల్’ అనే మాటకి తల ఊపడమంటే అవతలివాడి డ్రైవింగ్‌కి మనం హామీ సంతకం పెట్టినట్టే.

పద్ధతి ఇదీ. అమ్మేవాడు ఫారం 29 మీద అమ్మకం సంగతి రవాణా శాఖకి తెలియజేయాలి. అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో. పేరు మార్పు దరఖాస్తు ఫారం 30. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింటు పాత బుల్లెట్‌కి అంత తేలిగ్గా రాదు. హ్యాండిల్ కింద మెడ దగ్గర యాభై ఏళ్ల గ్రీజు, పెయింటు పొరలు పేరుకుని ఉంటాయి. కిరసనాయిలు గుడ్డతో ముందు రోజే తుడిచి ఉంచుకుంటే ఆఫీసు దగ్గర ఎండలో తంటాలు పడక్కర్లేదు.

బండి వయసు పదిహేనేళ్లు దాటిన దగ్గర్నుంచి ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అది వదిలేసిన బండి బేరంలో నిలబడదు. పుస్తకం రూపంలో ఉన్న పాత ఆర్సీ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండకపోతే ముందు ఆ పని చూసుకోవాలి. ఇక అన్నిటికన్నా ఎక్కువగా బేరాలు చెడేది ఆర్సీ ఇంకా నాన్న పేరునో తాతయ్య పేరునో ఉన్నప్పుడు. యజమాని పోయాక వారసులు తమ పేరు మీదికి మార్పించుకోవాలి, దానికి ఫారం 31. చట్టం ఇచ్చేది మూడు నెలలు. మన ఇళ్లల్లో ముప్పై ఏళ్లు గడిచిపోతాయి. అప్పుడు అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ల సంతకాల కోసం ఊళ్లు తిరగాలి. బండి మీద ఎవరికీ లేని ప్రేమ ఆ సంతకం దగ్గర పుట్టుకొస్తుంది.

రాజమండ్రి బండి హైదరాబాద్ కుర్రాడికి అమ్మడంలో ఇంకో మెలిక ఉంది. 2014కి ముందు అది ఒకే రాష్ట్రం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, ఫారం 28 మీద తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి బండి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. 1989కి ముందు రిజిస్టరైన మన బండ్లకి ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబర్లు ఉంటాయి. పాత బండి ప్రేమికులు ఆ ప్లేటు కోసం ప్రాణం పెడతారు. రాష్ట్రం దాటితే ఆ స్థానంలో ‘టీజీ’ వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి బేరం కుదిరాక కాకుండా ముందే చెప్పాలి. కుర్రాడికి చెప్పినప్పుడు అతని ముఖం చూడాల్సింది. ధర దగ్గర కూడా అంత కుంగిపోలేదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామా అని అతను అడిగాడు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. అప్పటికే రిజిస్టరైన బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగా చేయించేవాటికి రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తిరిగి చేయించడానికి 5,000. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ గుర్తింపు పొందిన బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తీసుకెళ్లొచ్చు, అంతే. పాపికొండలు చూసొద్దామని బుల్లెట్ కొనేవాడికి ఇది సంకెల. ఇంట్లో అలంకరణగా పెట్టుకునేవాడికి సరిపోతుంది. తిరిగే బండికి మామూలు రెన్యువలే హాయి.

ఓడ ఎక్కే బండ్లు

అమెరికాలో స్థిరపడ్డ కొడుకులు అమ్మకం మాట వినగానే ‘నాన్న బండి అమ్మొద్దు, నేను తెప్పించుకుంటా’ అనడం ఈమధ్య వింటున్నాం. సాధ్యమే. అమెరికాలో భద్రతా ప్రమాణాల నుంచి 25 ఏళ్లు దాటిన వాహనాలకి మినహాయింపు ఉంది. కాలుష్య నిబంధనల నుంచి, అసలు ఇంజిన్ అలాగే ఉంటే, 21 ఏళ్లు దాటినవాటికి ఉంది. కాబట్టి 1972 బుల్లెట్‌కి అక్కడ చట్టం అడ్డు రాదు. ఖర్చు అడ్డు రావచ్చు. పెట్రోలు, ఆయిలు పూర్తిగా దించి, బ్యాటరీ తీసి, క్రిములు లేకుండా శుద్ధి చేసి ముద్ర వేసిన చెక్కతో పెట్టె కట్టించాలి. ఓడ కిరాయి, రెండు వైపులా కస్టమ్స్ ఏజెంట్లు, అక్కడ ఆ రాష్ట్రం రిజిస్ట్రేషన్. ఈ లెక్క చెప్పాక చాలామంది కొడుకులు ‘సరే నాన్నా, మంచివాళ్లకే అమ్ము’ అంటారు. ఏ ఆలోచనా లేకుండా ‘మెట్ల కింద ఉండనీ’ అనడం కన్నా అది నయం. మెట్ల కింద రెండు వర్షాకాలాలు ఉన్న బండి, అమ్మాలనుకున్నా అమ్ముడుపోని బండి అవుతుంది.

మామయ్య గారి బండిని ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడే కొన్నాడు. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా బండి ఇక్కడే ఉంటుందన్నారు, సరేనన్నాడు. లెడ్జరు, గోనెసంచి, కేబుళ్ల డబ్బా అన్నీ వెంట ఇచ్చారు. పాతవాటిని అమ్మడంలో ఎవరూ చెప్పని భాగం ఆ తర్వాత మొదలవుతుంది. కొన్నవాడు ఫోన్ చేస్తూనే ఉంటాడు. పొగ వస్తోంది, కిక్కు ఎదురు తన్నింది, ఈ లివర్ దేనికి? విసుక్కుంటే ఆ బండి ఏడాదిలో ఇంకో ప్రకటనకెక్కుతుంది, ‘డాక్టరు గారు వాడినది’ అంటూ. మామయ్య గారు విసుక్కునే రకం కాదు. మొన్న నేను అక్కడే ఉండగా సిగ్నల్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

“అంకుల్, న్యూట్రల్ పడట్లేదు. న్యూట్రల్ ఫైండర్ ఎంత నొక్కినా పడట్లేదు, వెనకాల హారన్లు కొడుతున్నారు!”

“ఏ గేర్లో ఉన్నావు?”

“ఫస్ట్‌లో.”

“ఫస్ట్‌లోంచి అది పనిచేయదు నాయనా. క్లచ్ పట్టుకునే ఉండు. కిందికి తొక్కి సెకండ్‌లోకి దించు. అప్పుడు మడమతో నొక్కు.”